పుక్కిలించిన నోరు

బేగంబజార్‌లో సుశీలమ్మ ఇంట్లో మంచినీళ్ళు తాగాలంటే కొంచెం నేర్పు ఉండాలి. గ్లాసు పెదవికి తగలకూడదు. తల వెనక్కి వాల్చి, ఎత్తి పోసుకోవాలి. వచ్చినాయన చొక్కా తడిసినా ఆమెకు బాధ లేదు గానీ, గ్లాసు ఎంగిలైందా, ఆయన గడప దాటేదాకా ఆమె చూపు ఆ గ్లాసు మీదే ఉంటుంది. ఇంటి కింద ఉన్నది వాళ్ళదే స్టీలు సామాన్ల దుకాణం. కావాలంటే పూటకో కొత్త గ్లాసు పైకి తెప్పించుకోవచ్చు. భర్త సోమశేఖర్ ఆ మాట పెళ్ళయిన నాటినుంచీ అంటూనే ఉన్నాడు. "నీకు స్టీలు అమ్ముడు తెలుసు, శుద్ధి తెల్వదు" అని ఆమె ఆయన నోరు మూయిస్తూనే ఉంది.

వంటలో ఉప్పు సరిపోయిందో లేదో నాలుక మీద వేసుకుని చూడటం ఆమె ఎరగదు. వాసనతోనే చెప్పేస్తుంది, చాలాసార్లు ఉప్పు తక్కువే అవుతుంది. అయినా ఆ వాడకట్టులో ఎవరింట్లో వ్రతం జరిగినా ప్రసాదం చేయడానికి సుశీలమ్మే కావాలి. ఆమె చెయ్యి పడితే ఎంగిలి అనే మాటే ఉండదని అందరికీ గురి. పెద్ద చదువు లేదు, దుకాణం లెక్కల్లో వేలు పెట్టదు, ఊళ్ళు తిరిగింది లేదు. ఆమెకు ఉన్నదల్లా ఆ పేరే. దాన్ని పట్టుచీరలా మడతపెట్టి దాచుకుంది.

ఆ ఇంటికి లలితమ్మ వస్తుంది. శాలిబండలో ఉంటుంది, షేరింగ్ ఆటోలో అఫ్జల్‌గంజ్‌లో దిగి నడిచి వస్తుంది. బాలింతలకూ పసిబిడ్డలకూ నూనె రాసి, నలుగు పెట్టి, నీళ్ళు పోయడం ఆమె పని. సుశీలమ్మ కొడుకు శ్రవణ్‌ను కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసింది ఆమే. ఇప్పుడు శ్రవణ్ కొడుక్కు పోస్తున్నదీ ఆమే. స్నానం కాగానే సాంబ్రాణి పొగ వేస్తుంది. ఆ పొగకు ఎందరో పిల్లల తలలు ఆరాయి, లలితమ్మ గొంతుకు మాత్రం ఎప్పటికీ వదలని పొడిదగ్గు పట్టుకుంది. మెట్ల మీద దగ్గు వినిపిస్తే చాలు, ఇంట్లోవాళ్ళు నీళ్ళు కాగాయో లేదో చూసుకునేవారు.

మనవడు నెలలు నిండకుండా పుట్టాడు. ఇంకా పేరు పెట్టలేదు, అందరూ పింటూ అంటారు. ఇంటికి పంపేటప్పుడు పిల్లల డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. జలుబు, దగ్గు ఉన్నవాళ్ళు బిడ్డను ముట్టుకోవద్దు. పెద్దవాళ్ళకు ముక్కు కారి పోయే వైరసే ఇలాంటి పసివాడికి ఊపిరాడకుండా చేస్తుంది. అనుమానంగా ఉంటే పరీక్ష చేయించుకున్నాకే దగ్గరికి రండి.

చలి ముదిరిన రోజుల్లో సుశీలమ్మ గొంతు గరగరలాడింది. రెండు తుమ్ములు కూడా వచ్చాయి. కోడలు ఇంద్రజ నెమ్మదైన పిల్ల, అయినా బిడ్డ విషయం కాబట్టి ఊరుకోలేదు.

"అత్తమ్మా, ఒక్కసారి టెస్ట్ చేయించుకోరాదుండ్రి? లలితమ్మను గూడ తీస్కపోన్రి. ఆమె దగ్గు ఎప్పుడూ ఉండేదే గానీ, మనకు ఫికర్ ఉండదు."

కరోనా కాలంలో ముక్కులో పుల్ల పెట్టబోయిన నర్సు చెయ్యిని సుశీలమ్మ విసురుగా నెట్టేసిన సంగతి ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. ఈసారి ఆ భయం లేదు. అఫ్జల్‌గంజ్ పక్క సందులో ఒక చిన్న దవాఖానలో ఉమ్మితోనే పరీక్ష చేస్తున్నారు. చిన్న గొట్టంలో ఉమ్మి ఇచ్చి వస్తే సాయంత్రానికి ఫోనుకు కబురు వస్తుంది. పుల్ల లేదు, సూది లేదు, పెద్దాసుపత్రి మెట్లెక్కే పని లేదు. మూటలు దించి వచ్చిన హమాలీలు, బుర్ఖా వేసుకున్న తల్లులు, చంకలో పిల్లలు, అందరూ ఒకే వరుసలో నిలబడి ఉన్నారు. గొట్టాలు ఇస్తున్న కుర్రాడి పేరు అంజన్. ఓపికగా ఒక్కొక్కరికీ చెబుతున్నాడు.

"అమ్మా, అరగంట సంది ఏం తినలే, తాగలే గదా? నోట్ల నీళ్ళు గిట్ల పోసుకోవద్దు. నోరు ఎట్లుందో గట్లనే, ఈ గీత దాక ఉమ్మియ్యాలె." వెనకున్న బుర్ఖా ఆమె వైపు తిరిగి, అదే మాట ఉర్దూలో, "అమ్మీ, కుల్లీ నక్కో కరో, జైసా హై వైసాచ్ దేదో" అన్నాడు.

లలితమ్మ పొద్దుట్నుంచీ చాయ్ కూడా తాగలేదు. గోడ వైపు తిరిగి, కొంగు అడ్డం పెట్టుకుని, చెప్పినట్టే ఇచ్చేసింది. సుశీలమ్మకు మాత్రం గొట్టం చేతిలో పట్టుకోగానే తల కొట్టేసినట్టయింది. తన ఎంగిలి ఒక పరాయి పిల్లవాడి చేతిలో పెట్టాలి! అదీ జలుబు పట్టిన నోటితో, చిక్కగా, వాసనగా. ఆ కుర్రాడు దాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తాడు. ఏమనుకుంటాడు?

ఆమె సందు మలుపులోకి తప్పుకుంది. "లలితా, గా బాటిల్ల నీళ్ళు జర నా చేతుల పొయ్యి."

"అమ్మా, గా పిలగాడు వద్దన్నడు గదా?"

"వద్దన్నది తాగుడు. నేను మింగుతున్ననా ఏంది? పాచినోటితోని ఒకరికి ఇస్తమా?"

లలితమ్మ పోసింది. సుశీలమ్మ పుక్కిలించింది, మళ్ళీ పుక్కిలించింది, గొంతులో నీళ్ళు గరగరలాడించి మరీ ఉమ్మేసింది. తృప్తి కలిగాక గొట్టం నింపింది. తేటగా, కొబ్బరినీళ్ళలా ఉంది. అంజన్ చేతిలో పెడుతున్నప్పుడు, వరుసలో ఇంత శుభ్రంగా ఇచ్చింది నేనొక్కదాన్నే అన్న చిన్న గర్వం కూడా ఆమె మొహంలో ఉంది.

సాయంత్రం ఇద్దరికీ ఏ వైరసూ లేదని వచ్చింది. సుశీలమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టి, నేరుగా వెళ్ళి మనవణ్ణి ఎత్తుకుంది. ఇక వాడు ఆమె ఒడి దిగితే ఒట్టు. బుగ్గల మీద, అరచేతుల్లో, మూసిన కళ్ళ మీద ముద్దులే ముద్దులు. లోకమంతా ఎంగిలి అనే మనిషికి మనవడి దగ్గర ఆ మాటే గుర్తుకు రాలేదు.

కొద్ది రోజులకు పింటూ పాలు తాగడం మానేశాడు. ఊపిరి తీస్తుంటే పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంజుకుపోతోంది. ఆసుపత్రికి పరుగెత్తారు. ఆక్సిజన్ పెట్టారు. పరీక్షలో వైరస్ ఉందని తేలింది. ఇంట్లో ఎవరెవరికి ఉందో తెలియాలి, అందరూ మళ్ళీ పరీక్ష చేయించుకోండి అంది డాక్టరమ్మ.

ఈసారి సుశీలమ్మ నీళ్ళ జోలికి పోలేదు. భయంతో నోరు ఎండిపోయి, గీత దాకా నింపడానికే చాలాసేపు పట్టింది. ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉండగా శ్రవణ్ ఫోను మోగింది. మిగతావాళ్ళెవరికీ లేదు. సుశీలమ్మకు ఉంది.

సందు మలుపు, బాటిల్, తేటగా ఉన్న ఆ గొట్టం, అన్నీ ఒక్కసారిగా ఆమె కళ్ళముందుకు వచ్చాయి. వద్దన్న పని చేసింది. అందుకే మొదటిసారి దొరకలేదు. ఆ ధైర్యంతోనే వాడి మొహం మీద మొహం పెట్టింది.

"నీకు గూడ అంటిచ్చింది గదమ్మా," అన్నాడు శ్రవణ్ పళ్ళు కొరుకుతూ. "గా లలితమ్మ దగ్గుకుంట దగ్గుకుంటనే నీళ్ళు పోసింది. ఉమ్మి టెస్టుల లేదంటే మనం నమ్మినం."

"ఆటోల వస్తది, ఎవలెవల పక్కన కూసుంటదో," అన్నాడు సోమశేఖర్.

కాదు, అని ఒక్క మాట అంటే సరిపోయేది. సుశీలమ్మ నోరు తెరిచింది కూడా. ఎదురుగా ఇంద్రజ, జుట్టు రేగిపోయి, పాలతో తడిసిన జాకెట్టుతో, అద్దం వెనక ఉన్న బిడ్డనే చూస్తూ నిలబడి ఉంది. ఆ కళ్ళు తనవైపు తిరిగితే ఎలా ఉంటాయో సుశీలమ్మ ఊహించుకుంది. నోరు మూసుకుంది. లోపల పసివాడు గాలి కోసం కొట్టుకుంటుంటే ఆమెకు ముందుగా గుర్తుకొచ్చింది తన పేరు. ఇంతకంటె సిగ్గుమాలిన సంగతి ఆమె జీవితంలో ఇంకొకటి లేదు, ఆ సంగతి ఆమెకు అప్పుడే తెలుసు.

శ్రవణ్ అక్కడి నుంచే లలితమ్మకు ఫోను చేసి ఇక రావద్దన్నాడు. మర్నాడు ఎదురింటి అనసూయమ్మ ఆసుపత్రికి వచ్చింది. వాళ్ళది పూజసామాన్ల దుకాణం. ఆమె కూతురు స్రవ్య పుట్టింట్లో ప్రసవించి ఉంది, లలితమ్మ ఆ ఇంటికీ నీళ్ళు పోయడానికి వెళ్తోంది. "లలితమ్మతోనేనట గదా?" అని అనసూయమ్మ గుసగుసగా అడిగింది. సుశీలమ్మ అబద్ధం ఆడలేదు. "అట్లనే అంటున్నరు," అంది. అంతే అంది. ఎవరో అంటున్నట్టు చెప్పిన ఆ మాటతో లలితమ్మకు అనసూయమ్మ ఇల్లు మూసుకుంది, వాడకట్టులో మిగతా ఇళ్ళూ మూసుకున్నాయి.

పింటూ గట్టివాడు. నెమ్మదిగా కోలుకున్నాడు, మళ్ళీ పాలు పట్టాడు, ఇంటికొచ్చాడు. అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి, సుశీలమ్మది తప్ప. తనకు పూర్తిగా నయమైందని దవాఖానవాళ్ళు చెప్పినా ఆమె వాణ్ణి ఎత్తుకోలేదు. నడుము నొప్పి అంది, చేతులు వణుకుతున్నాయంది. "మనవడి మీద బెంగతోని అమ్మ సగమైంది" అని శ్రవణ్ ఆమెకు పళ్ళరసం తెచ్చి ఇచ్చేవాడు. స్నానాల గదిలో ఇంద్రజ ఒక్కతే బిడ్డను కాళ్ళ మీద వేసుకుని, ఎక్కడ జారిపోతాడోనని ఏడుపు మొహంతో నీళ్ళు పోస్తుంటే సుశీలమ్మ తలుపు బయట నిలబడి కొంగు నలుపుకునేది.

పుక్కిలిస్తే ఏం కాదని ఎవరైనా అంటే బాగుండు, అన్న ఆశతో ఒకరోజు దవాఖానకు వెళ్ళి అంజన్‌ను అడిగింది.

"పుక్కిలిస్తే ఉన్న వైరస్ నీళ్ళల్ల పోతది, మిగిలింది పల్చనైతది అమ్మా. ఉన్నా దొరకకపోవచ్చు. గప్పుడు లేదని వచ్చినా నమ్మరాదు."

"అంటే ఈ టెస్ట్ మంచిది కాదా బాబూ?"

"టెస్ట్ మంచిదే. ఇచ్చుడు సరిగ ఇయ్యాలె. గంతే."

"మరి సరిగ ఇచ్చినామెకు లేదని వస్తే?"

"అప్పటికైతే ఆమెకు లేదనే అనుకోవాలె." అంజన్ ఆమె మొహం వైపు చూశాడు. "ఎవలన్న పుక్కిలిచ్చి ఇచ్చిన్రా అమ్మా?"

"మా పక్కింటామె," అంది సుశీలమ్మ.

అక్కడినుంచి ఇల్లు చేరేలోగా ఆమెకు తనమీద తనకే అసహ్యం పుట్టింది. కన్నబిడ్డ కంటె చిన్నవాడు, మంచికోసం అడిగాడు, అతని దగ్గర కూడా అబద్ధమే. ఇక ఇలా బతకలేననిపించింది. చెప్పులు విప్పి నేరుగా ఇంద్రజ గదిలోకి వెళ్ళింది. ఇంద్రజ బిడ్డను జోకొడుతోంది. సుశీలమ్మ గుమ్మం దగ్గరే కింద కూర్చుని, తల ఎత్తకుండా, మొదటినుంచీ చివరిదాకా చెప్పేసింది. బాటిల్ సంగతి చెప్పింది. లలితమ్మ వద్దన్న సంగతి చెప్పింది. ఆసుపత్రిలో నోరు మూసుకున్న సంగతి కూడా చెప్పింది.

ఇంద్రజ అరుస్తుందనుకుంది. అరవలేదు. జోకొడుతున్న చెయ్యి ఆగిపోయింది.

"గప్పుడే నాకు చెప్పుంటే, పోయి ఇంకోసారి ఇచ్చి వచ్చేటోళ్ళు. గంతే గదా అత్తమ్మా," అంది. "ముక్కుల పుల్ల కాదు, సూది కాదు. ఉమ్ముడే గదా."

"అవును," అంది సుశీలమ్మ.

"సరే, అది తెల్వక అయింది. తెలిసినంక లలితమ్మను ఎందుకు అననిచ్చిన్రు?" ఇంద్రజ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేచి, బిడ్డను భుజం మీద వేసుకుని, అత్తగారికి అటువైపు తిరిగి నిలబడింది. "నాకు చెప్పిన్రు. ఆమెకు ఎవరు చెప్తరు?"

మర్నాడు సుశీలమ్మ తెలిసినవాళ్ళను అడుగుతూ శాలిబండలో లలితమ్మ ఇల్లు పట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. లలితమ్మ వాకిట్లో గోనెసంచి పరుచుకుని వెల్లుల్లి పొట్టు తీస్తోంది. దుకాణాలకు పొట్టు తీసి ఇచ్చే పని కొత్తగా పట్టుకున్నట్టుంది, వేళ్ళు మండుతున్నట్టు మధ్యమధ్య ఊదుకుంటోంది. బిడ్డల ఒంటికి నూనె రాసే చేతులు అవి.

"పింటూ బాబు మంచిగున్నడా అమ్మా?" అని అడిగింది లలితమ్మ ముందుగా.

ఆ మాటకు సుశీలమ్మ తట్టుకోలేకపోయింది. గోనె మీదే కూలబడి ఏడ్చింది. "నాదే తప్పు లలితా. గారోజు నేను పుక్కిలించినందుకే..."

"నాకు తెల్సమ్మా. నీళ్ళు పోసిన చెయ్యి నాదే గదా."

"తెలిసి ఎందుకు చెప్పలే?"

"ఎవలికి చెప్పాలె? శ్రవణ్ బాబు వద్దన్నడు, ఫోన్ పెట్టేసిండు. సుశీలమ్మ నోరు కడుక్కున్నది, గందుకే పోరనికి రోగమొచ్చిందంటే నమ్మేటోళ్ళు ఎవలు? వద్దన్నంక నీళ్ళెందుకు పోసినవే అని మల్ల నన్నే అందురు." ఒక వెల్లుల్లి పాయ తీసుకుని మళ్ళీ గోరుతో గీకసాగింది. "నాది గూడ తప్పున్నది. మీ మాట కాదని బాటిల్ గుంజుకుంటే అయిపోతుండె."

సుశీలమ్మ చేతులు జోడించబోయింది. లలితమ్మ గబుక్కున వెనక్కి జరిగింది.

"దండాలు వద్దు నాకు. మీ ఇంటికి పిలిచినా నేనిప్పుడు రాను. గానీ అనసూయమ్మ ఇంట్ల చెప్పున్రి. స్రవ్యమ్మ పుట్టినప్పుడు నీళ్ళు పోసింది నేనే. గా పిల్లకు బిడ్డ పుడితే నన్ను మెట్లెక్కనిస్తలేరు. ఆ ఒక్క ఇంట్ల నా పేరు మంచిగైతే మిగిలినోళ్ళు వాళ్ళంతట వాళ్ళే పిలుస్తరు."

"ఇప్పుడే చెప్త. నువ్వు గూడ రా," అంది సుశీలమ్మ.

ఇద్దరూ ఒకే ఆటోలో వచ్చారు. అనసూయమ్మ ఇంటి ముందు లలితమ్మ ఆగిపోయింది. మెట్ల పక్కన, దుకాణం అరుగు వారగా నిలబడింది. సుశీలమ్మ ఒక్కతే పైకి వెళ్ళింది. మనసు తేలికగానే ఉంది. ఈ మెట్లు దిగేటప్పటికి తన పేరు మట్టిలో కలిసిపోతుంది, కలిసిపోనీ అనుకుంది. ఎన్నాళ్ళుగానో దాచుకున్నదాన్ని చేతులారా పారేయడానికి నిజంగానే సిద్ధపడింది.

అనసూయమ్మ కుర్చీ వేసింది. సుశీలమ్మ కూర్చోలేదు. నిలబడే చెప్పింది. దవాఖానలో వద్దన్నారు, నేను వినలేదు. రోగం నాది, లలితమ్మది కాదు. నేనే నా మనవడికి అంటించాను. తెలిసి కూడా నింద ఆమె మీద పడనిచ్చాను. లోపలి గదిలోంచి స్రవ్య బిడ్డతో సహా గుమ్మం దాకా వచ్చి వింటోంది.

అంతా విన్నాక అనసూయమ్మ కళ్ళు తుడుచుకుంది. లేచి వచ్చి సుశీలమ్మ చేతులు రెండూ పట్టుకుంది.

"నీ మనసు నాకు తెల్వదా సుశీలమ్మా? గరీబుదాని కడుపు కొట్టొద్దని నీ మీద ఏసుకుంటున్నవు."

"కాదు అనసూయా! ఇది నిజం. పింటూ మీద ఒట్టు."

"అయ్యో, పసిపిల్లల మీద ఒట్లు ఎందుకమ్మా? నోరు కడుక్కుంటే రోగమొస్తదా ఎక్కడన్న? శుభ్రం లేనోళ్ళతోని వస్తది గానీ. నీ అంత శుభ్రం ఈ బేగంబజార్ల ఎవలకున్నది?" అనసూయమ్మ కూతురి వైపు తిరిగింది. "చూసినవా స్రవ్యా? మనిషంటే గిట్ల ఉండాలె."

సుశీలమ్మ మళ్ళీ చెప్పింది. అంజన్ చెప్పినదంతా చెప్పింది, రెండోసారి పుక్కిలించకుండా ఇస్తే రోగం బయటపడిందని చెప్పింది, గొంతు పెంచి, దాదాపు కొట్లాడినట్టే చెప్పింది. చెప్పినకొద్దీ అనసూయమ్మ కళ్ళలో ఆమె ఇంకా పెద్దదైపోయింది. చివరికి స్రవ్య కూడా బిడ్డను ఒక చేత్తో పట్టుకుని వంగి ఆమె కాళ్ళకు మొక్కింది. సుశీలమ్మ వెనక్కి జరిగి, గోడ పట్టుకుని మెట్లు దిగింది.

కింద లలితమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"నమ్మిన్రా అమ్మా?"

సుశీలమ్మ చివరి మెట్టు మీదే ఆగిపోయింది.

"నన్ను మెచ్చుకున్నరు లలితా," అంది.